గెలిచిన వారంలోనే మళ్లీ తగువు: మోడరేట్లు, ప్రోగ్రెసివ్‌లు ఒకే పార్టీలో ఎందుకుండాలి?

సుధ_రిచ్‌మండ్
2025 నవంబర్ 4న వర్జీనియాలో డెమొక్రాట్లు గెలిచారు. అబిగైల్ స్పాన్‌బర్గర్ దాదాపు 15 పాయింట్ల తేడాతో గవర్నర్‌గా గెలిచారు. హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికయ్యారు. అదే రాత్రి న్యూజెర్సీలో మైకీ షెరిల్ గవర్నర్‌గా, న్యూయార్క్ సిటీలో జోహ్రాన్ మమ్దానీ మేయర్‌గా గెలిచారు. ఎండలో, వానలో తలుపులు తట్టినవాళ్లం, ఎంత సంబరపడ్డామో చెప్పలేను.

తర్వాత మా కమిటీ మీటింగుకి వెళ్తే అక్కడ అభినందనలు లేవు, పంచాయితీ ఉంది. మోడరేట్ల (మధ్యేమార్గం వాళ్ల) వర్గం "స్పాన్‌బర్గర్ మధ్యేమార్గంలో నడిచింది కాబట్టే గెలిచింది, మమ్దానీ పేరెత్తితే 2026 కాంగ్రెస్ ఎన్నికల్లో మునుగుతాం" అంటుంది. ప్రోగ్రెసివ్‌ల (పెద్ద మార్పులు కావాలనే లెఫ్ట్ వాళ్ల) వర్గం "జనంలో ఊపు తెచ్చింది మమ్దానీ, మీవాళ్లు ట్రంప్ మీద కోపంతో గెలిచారు" అంటుంది. ఇద్దరూ నాతో పాటు తలుపులు తట్టినవాళ్లే. కొత్తగా వచ్చిన ఇద్దరు అమ్మాయిలు ఇది చూసి మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. నాకు నిజంగా బాధేసింది.

ఇంత పడనివాళ్లు ఒకే పార్టీలో ఎందుకుండాలి? విడిపోతే ఎవరి దారి వాళ్లది కదా?

క్వీన్స్_కుర్రోడు
ఎందుకు విడిపోవాలి సుధ గారూ? ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలో, గెలిచాడు కదా మమ్దానీ! జూన్‌లో మాజీ గవర్నర్ క్యూమోని ఓడించాడు. ఆ తర్వాత పార్టీ పెద్దలు ఏం చేశారో చూడండి. హౌస్ (కాంగ్రెస్ దిగువ సభ) డెమొక్రాట్ల నాయకుడు హకీమ్ జెఫ్రీస్ ముందస్తు పోలింగ్ మొదలయ్యే ముందురోజు దాకా మద్దతు చెప్పలేదు. సెనెట్ నాయకుడు షూమర్ అసలు చెప్పనే లేదు. మా వాళ్లు ఓడినప్పుడు మాత్రం "పార్టీ ఐక్యత కోసం అందరూ కలిసి పనిచేయాలి" అని పాఠం చెప్తారు. ఐక్యత ఒకవైపే నడిస్తే దాన్ని ఐక్యత అనరు.

కృష్ణాతీరం
తమ్ముడూ, నువ్వు చెప్పింది న్యూయార్క్ సిటీ. నేనుండేది పెన్సిల్వేనియాలో, ఓట్లు అటూఇటూ ఊగే జిల్లాలో. ఇక్కడ తలుపు తడితే మొదటి ప్రశ్న "మీ పార్టీ పోలీసుల్ని తీసేస్తుందటగా?" అని. మా అభ్యర్థి ఆ మాట జన్మలో అనలేదు. ఎవరో ఎక్కడో అన్న నినాదానికి జవాబు మేం చెప్పుకోవాలి. 2020 ఎన్నికల తర్వాత డెమొక్రాట్ సభ్యుల ఫోన్ కాల్‌లో అప్పట్లో హౌస్ సభ్యురాలైన స్పాన్‌బర్గర్ కోప్పడింది కూడా దీని గురించే. ఆ యేడు ఆమె సీటు చాలా తక్కువ తేడాతో దక్కింది. ఆ బాధ మీకు క్వీన్స్‌లో తెలియదు.

క్వీన్స్_కుర్రోడు
ఆ కాల్ తర్వాత మా ప్రోగ్రెసివ్ హౌస్ సభ్యురాలు అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ ఇచ్చిన జవాబు కూడా చెప్పాలి కదా బాబాయ్. ఓడినవాళ్ల డిజిటల్ ప్రచారం చాలా బలహీనంగా ఉందని, ఊగే జిల్లాల్లో కూడా మెడికేర్ ఫర్ ఆల్‌ని (అందరికీ ప్రభుత్వ ఆరోగ్య ఇన్సూరెన్స్) సమర్థించినవాళ్లు సీట్లు నిలబెట్టుకున్నారని ఆమె అంది. ఆ మాటతో మీరు ఏకీభవించకపోవచ్చు. కానీ తప్పంతా నినాదం మీదికే నెట్టేయడం న్యాయం కాదు.

ఓట్ల_లెక్క
సుధ గారు అడిగింది ఎందుకు విడిపోరని. ఇక్కడ ఎన్నికల పద్ధతే అలాంటిది. ఒక్కో జిల్లాకి ఒకే సీటు, ఎక్కువ ఓట్లొచ్చినవాడిదే గెలుపు. జర్మనీలోలాగా ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు రావు. 30 శాతం మద్దతున్న వర్గం బయటికెళ్తే దానికి 30 శాతం సీట్లు రావు, దాదాపు సున్నా వస్తుంది, వెనక వదిలేసి వెళ్లిన పార్టీ కూడా ఓడిపోతుంది. అందుకే వేరే దేశాల్లో మూడు నాలుగు పార్టీల మధ్య జరిగే కొట్లాట ఇక్కడ ఒకే పార్టీ లోపల, ప్రైమరీలో జరుగుతుంది.

న్యూయార్క్‌లో ఒక సర్దుబాటు ఉంది. ఒకే అభ్యర్థి రెండు పార్టీల తరఫున బ్యాలెట్ మీద ఉండొచ్చు, ఓట్లన్నీ కలిపి లెక్కపెడతారు. మమ్దానీ పేరు డెమొక్రాటిక్ వరసలోనూ ఉంది, వర్కింగ్ ఫ్యామిలీస్ అనే చిన్న పార్టీ వరసలోనూ ఉంది. చాలా రాష్ట్రాల్లో ఈ వెసులుబాటు లేదు.

పాతపుస్తకం
విడిపోవడం ఎలా ఉంటుందో మన చరిత్రలోనే ఉంది. 1907 డిసెంబర్, సూరత్ కాంగ్రెస్. మితవాదులు, అతివాదులు వేదిక మీదే కలబడ్డారు, చెప్పు కూడా ఎగిరింది. మరుసటి ఏడాదే తిలక్‌ని మాండలే జైలుకి పంపారు. బయట మిగిలిన మితవాదులకి 1909లో మింటో-మార్లే సంస్కరణలంటూ కొద్దిగా విదిల్చారు. మళ్లీ కలవడానికి 1916 లక్నో దాకా పట్టింది. ఆ తొమ్మిదేళ్లూ లాభపడింది ప్రభుత్వమే.

డాలస్_లక్ష్మి
పాతపుస్తకం గారూ, అది పరాయి పాలన మీద పోరాటం, ఇది ఓట్లేసే జనం ముందు పోటీ. రెంటికీ పోలిక అంత నప్పదు. అయినా చెప్పు విషయం మా పిల్లలకి చెప్పాను, తెగ నవ్వారు :)

మందుల_చీటీ
నేను ఫార్మసిస్ట్‌ని. ఈ తగువుల వల్ల మామూలు మనిషికి ఏమొచ్చింది, ఏం పోయింది అన్నదే నాకు కావాలి. 2022 ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ పుణ్యాన మెడికేర్‌లో (పెద్దవాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్) ఉన్నవాళ్లకి ఇన్సులిన్ నెలకి 35 డాలర్లు దాటదు. 2025లో ఏడాది మొత్తానికి మందుల మీద సొంత ఖర్చు 2,000 డాలర్ల దగ్గర ఆగింది. మొదటి పది మందులకి మెడికేర్ బేరమాడి తగ్గించిన ధరలు 2026 జనవరి నుంచి అమలు. రక్తం గడ్డకట్టకుండా వాడే ఎలిక్విస్, షుగర్‌కి వాడే జనూవియా ఆ పదిలో ఉన్నాయి.

మెడికేర్ మందుల ధర మీద బేరమాడాలని ఎన్నో ఏళ్లు పట్టుబట్టింది ప్రోగ్రెసివ్‌లు. దాన్ని రెండు వైపులా 50-50గా ఉన్న సెనెట్‌లో గట్టెక్కేంత చిన్నదిగా చేసి సంతకం దాకా తెచ్చింది మోడరేట్ల బేరం. కౌంటర్ దగ్గర నిలబడ్డ పెద్దాయనకి ఈ రెండు వర్గాల పేర్లు తెలియవు. ఆయనకి ఇద్దరూ కావాల్సి వచ్చింది.

క్వీన్స్_కుర్రోడు
మందుల_చీటీ గారి మాట నాకు నచ్చింది, కానీ "చిన్నదిగా చేసి" అన్నదాంట్లో ఏం పోయిందో కూడా లెక్కపెట్టాలి. 2021లో చైల్డ్ టాక్స్ క్రెడిట్ (పిల్లలున్నవాళ్లకి పన్నులో రాయితీ) పెంచారు, ఆరేళ్లలోపు పిల్లకి 3,600 డాలర్లు, పెద్ద పిల్లలకి 3,000. అందులో సగం జులై నుంచి డిసెంబర్ దాకా నెలనెలా బ్యాంకులో పడింది. సెన్సస్ వాళ్ల సప్లిమెంటల్ కొలత (ప్రభుత్వ సాయం కూడా కలిపి లెక్కేసేది) ప్రకారం పిల్లల్లో పేదరికం 2021లో 5.2 శాతానికి దిగింది. కాంగ్రెస్ దాన్ని పొడిగించలేదు. 2022లో 12.4 శాతం. ఒక్క ఏడాదిలో రెట్టింపు దాటింది! ఆ పొడిగింపు బైడెన్ బిల్డ్ బ్యాక్ బెటర్ బిల్లులో ఉంది. ఆ బిల్లుని ఆపింది రిపబ్లికన్లు ఒక్కరే కాదు, మన పార్టీ సెనెటర్ కూడా.

కృష్ణాతీరం
సెనెటర్ జో మాంచిన్ సంగతేగా. వెస్ట్ వర్జీనియాలో 2020లో ట్రంప్ దాదాపు 39 పాయింట్ల తేడాతో గెలిచాడు. అలాంటి చోట డెమొక్రాట్ సెనెటర్ ఉండడమే గొప్ప. ఆయన లేకపోతే 50 సీట్లు లేవు, మెజారిటీ లేదు, మందుల_చీటీ గారు చెప్పిన ఇన్సులిన్ లేదు. 2024లో ఆయన నిలబడలేదు, ఆ సీటు రిపబ్లికన్ చేతికి తేలిగ్గా పోయింది. ఇప్పుడు అక్కడ ఎవరితో బేరమాడతారు?

ఓట్ల_లెక్క
ఈ 2021 కథ వివరంగా చెప్పుకోవాలి. ఇప్పటి అపనమ్మకానికి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

రెండు బిల్లులు. ఒకటి రోడ్లు, వంతెనలు, ఇంటర్నెట్ కోసం దాదాపు 1.2 లక్షల కోట్ల డాలర్ల మౌలిక వసతుల బిల్లు. ఆగస్టులో సెనెట్ 69-30తో ఆమోదించింది, రిపబ్లికన్లు కూడా కలిశారు. మోడరేట్లకి ఇది ప్రాణం. రెండోది పిల్లల సంరక్షణ, చైల్డ్ క్రెడిట్, వాతావరణం అన్నీ ఉన్న బిల్డ్ బ్యాక్ బెటర్, 3.5 లక్షల కోట్లతో మొదలైంది. ప్రోగ్రెసివ్‌లకి ఇది ప్రాణం.

ప్రమీలా జయపాల్ నాయకత్వంలో ప్రోగ్రెసివ్ కాకస్ (హౌస్‌లో ఆ వర్గం సభ్యుల బృందం) ఒకటే షరతు పెట్టింది, రెండూ కలిసి నడవాలి. మొదటిది ముందే పాస్ చేసేస్తే రెండోదానికి ఎవరూ ఓటేయరని వాళ్ల భయం. జాష్ గాట్‌హైమర్ వెంట ఉన్న మోడరేట్లు సెప్టెంబర్ చివర్లోనే మొదటి బిల్లు మీద ఓటింగ్ పెట్టాలని అప్పటి హౌస్ స్పీకర్ పెలోసీ దగ్గర మాట తీసుకున్నారు. ఆ తేదీ దాటిపోయింది, వాళ్లకి కోపం. నవంబర్ 5 రాత్రి చివరికి జయపాల్ మోడరేట్ల మాట నమ్మి మొదటి బిల్లుకి సరేనన్నారు. హౌస్‌లో 228-206తో గెలిచింది. ఆరుగురు డెమొక్రాట్లు వద్దన్నారు, 13 మంది రిపబ్లికన్లు ఔనన్నారు. నవంబర్ 19న రెండో బిల్లు కూడా 220-213తో సభ దాటింది. అంటే సభలోని మోడరేట్లు మాట నిలబెట్టుకున్నారు, ఇది చాలామంది మర్చిపోతారు. డిసెంబర్ 19న మాంచిన్ టీవీలో "నావల్ల కాదు" అనేశారు, అంతే.

ప్రోగ్రెసివ్‌లు నేర్చుకున్న పాఠం: చేతిలో ఉన్నది ముందు వదలకూడదు. మోడరేట్లు నేర్చుకున్నది: వీళ్లు గెలుపుని కూడా నెలల తరబడి బందీగా పట్టుకుంటారు. ఎవరికి జరిగింది వాళ్లు చూసి నేర్చుకున్నారు, ఎవరిదీ పిచ్చి కాదు.

సుధ_రిచ్‌మండ్
ఇంత వివరంగా మా మీటింగులో ఎవరూ చెప్పలేదు. అక్కడ అందరూ "ఆ ఆరుగురు", "ఆ ఒక్కడు" అని వేళ్లు చూపించుకోవడమే.

గోదారి_గట్టు
నేను చూసింది 2009-10. ఒబామా హెల్త్ కేర్ రోజులు. ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఒక ఎంపికగా ఉండాలని హౌస్ బిల్లులో పెట్టారు. సెనెట్‌లో 60 ఓట్లు కావాలి, సెనెటర్ జో లీబర్‌మన్ అది ఉంటే ఓటేయనన్నారు, తీసేశారు. 2010 మార్చిలో 219-212తో పాసైంది. 34 మంది డెమొక్రాట్లు వ్యతిరేకంగా ఓటేశారు, ఎక్కువమంది సీటు భయంతో. నవంబర్‌లో పార్టీ 63 సీట్లు పోగొట్టుకుంది. వ్యతిరేకంగా ఓటేసినవాళ్లలో కూడా చాలామంది కొట్టుకుపోయారు. బ్లూ డాగ్ అనే మోడరేట్ల వర్గం సగానికి పడిపోయింది.

బిల్లుకి దూరంగా జరిగితే ఓటరు క్షమిస్తాడనుకోవడం భ్రమ. ఓటరు పార్టీ గుర్తు చూస్తాడు.

కృష్ణాతీరం
గోదారి_గట్టు గారూ, అదే లెక్కన 2018 కూడా చెప్పండి. హౌస్‌లో 40 సీట్లు లాక్కొచ్చింది ఎవరు? శివార్లలో నిలబడ్డ స్పాన్‌బర్గర్, షెరిల్ లాంటి మోడరేట్లే. ఒకాసియో-కోర్టెజ్ గెలిచింది ఎలాగూ డెమొక్రాట్ సీటే. ఒక రిపబ్లికన్‌ని తగ్గించలేదు.

డాలస్_లక్ష్మి
ఎలాగూ మన సీటే అయినప్పుడు అందులో మన విలువల మనిషి ఉండకూడదా అండీ? మా టెక్సస్ సంగతి చెప్తాను. 28వ జిల్లా, డెమొక్రాట్ హౌస్ సభ్యుడు హెన్రీ క్వెయార్, గర్భస్రావ హక్కుకి వ్యతిరేకి. 2022 మే నెల. గర్భస్రావ హక్కునిచ్చిన రో తీర్పుని కొట్టేయబోతున్నారని సుప్రీంకోర్టు ముసాయిదా బయటికొచ్చిన రోజులు. ప్రైమరీలో ఎదురుగా జెస్సికా సిస్నెరోస్ అనే యువ లాయర్. అలాంటి సమయంలో హౌస్ నాయకులు పెలోసీ, క్లైబర్న్ క్వెయార్‌కే మద్దతిచ్చారు. సిస్నెరోస్ 289 ఓట్లతో ఓడింది. 289! నేను ఆమె కోసం ఫోన్లు చేశాను. ఇంకో గంట ఎక్కువ చేసుంటేనా అని ఇప్పటికీ అనిపిస్తుంది. "ఓపెన్‌గా ఉండాలి, పెద్ద గుడారం" అంటారు. ఆ గుడారంలో మా ఆడవాళ్ల హక్కు కూడా బేరానికి పెట్టే వస్తువేనా?

ఫిలీ_ప్రసాద్
లక్ష్మి గారూ, బాధ అర్థమైంది. కానీ ఆ జిల్లాలో సరిహద్దు దగ్గరి క్యాథలిక్ కుటుంబాలు ఎక్కువ. 2024లో అక్కడ ట్రంప్ గెలిచాడు, క్వెయార్ కూడా గెలిచాడు. సిస్నెరోస్ అయితే నిలిచేదా?

డాలస్_లక్ష్మి
తెలియదు. మీకూ తెలియదు. అవకాశం ఇవ్వకుండా ఓడేదని ఎలా అంటారు?

మందుల_చీటీ
డబ్బు గురించి ఎవరూ ఎత్తలేదే. 2024 జూన్‌లో న్యూయార్క్‌లో ప్రోగ్రెసివ్ హౌస్ సభ్యుడు జమాల్ బోమన్ ప్రైమరీ. ఇజ్రాయెల్ అనుకూల లాబీ ఏఐప్యాక్ అనుబంధ సూపర్ ప్యాక్ (ఎంతైనా ఖర్చు పెట్టగల ప్రచార సంస్థ) ఒక్కటే 1.4 కోట్ల డాలర్లకి పైగా ఖర్చు పెట్టింది. ఆగస్టులో మిస్సోరీలో కోరీ బుష్‌కీ అదే జరిగింది. ఇద్దరూ ఓడారు. బయట డబ్బు ఇంత వచ్చాక "జనం మోడరేట్‌ని ఎంచుకున్నారు" అని ఒక్క ముక్కలో చెప్పలేం.

ఫిలీ_ప్రసాద్
బోమన్ మీద సొంత జిల్లాలోనే అసంతృప్తి ఉంది, జిల్లా హద్దులు కూడా మారాయి. డబ్బు ఒక్కటే కారణం కాదు. అయితే గాజా విషయంలో పార్టీ పెద్దలు వినలేదన్నది మాత్రం నిజం. 2024 ఫిబ్రవరిలో మిషిగన్ ప్రైమరీలో లక్షమందికి పైగా "అన్‌కమిటెడ్" (ఎవరికీ కట్టుబడలేదు) అని ఓటేశారు. ఇంటి మనుషులే అంత గట్టిగా చెప్పినప్పుడు కూర్చోబెట్టి మాట్లాడాల్సింది.

ఓట్ల_లెక్క
కృష్ణాతీరం గారు, క్వీన్స్_కుర్రోడు ఇద్దరూ ఒక సంగతి చూడాలి. ఓటరు వైపు నుంచి ఈ రెండు వర్గాల గీత మనం అనుకున్నంత గట్టిగా లేదు. 2020 నవంబర్‌లో ఫ్లోరిడా ట్రంప్‌ని గెలిపించింది. అదే బ్యాలెట్ మీద కనీస వేతనాన్ని మెల్లగా 15 డాలర్లకి పెంచే సవరణ ఉంది. నెగ్గాలంటే 60 శాతం కావాలి, అదీ దాటింది. నాలుగు నెలల తర్వాత, 2021 మార్చి 5న, 15 డాలర్ల ప్రతిపాదన సెనెట్‌కి వస్తే డెమొక్రాట్ల వైపు నుంచే ఎనిమిది మంది వద్దన్నారు. 42-58తో పోయింది. ఫెడరల్ కనీస వేతనం 2009 జులై నుంచి 7.25 దగ్గరే ఉంది. 2024లో మిస్సోరీ కూడా ట్రంప్‌కి ఓటేసి, 15 డాలర్లకీ ఓటేసింది.

ట్రంప్ ఓటరుకి కూడా నచ్చే విధానం మన సెనెటర్లకి "మరీ లెఫ్ట్" అనిపించింది. కాబట్టి మోడరేట్ అంటే ప్రతిసారీ ఓటరుకి దగ్గరగా ఉన్నవాడే అని అనుకోవద్దు. అలాగని ప్రతి ప్రోగ్రెసివ్ నినాదానికీ 60 శాతం రాదు, పోలీసుల సంగతి చూశాం కదా. విధానం విధానంగా చూడాలి.

క్వీన్స్_కుర్రోడు
ఇదే నేను మొదటినుంచీ అనేది!

ఫిలీ_ప్రసాద్
రెండో సగం కూడా చదువు తమ్ముడూ :)

కొత్తగా_సిటిజన్
ఒక సందేహం. షెరిల్ మోడరేట్, మమ్దానీ సోషలిస్ట్ అంటున్నారు. నేను న్యూజెర్సీలో ఉంటాను. షెరిల్ కరెంటు రేట్లు ఫ్రీజ్ చేస్తానంది. నది అవతల ఆయన అద్దెలు ఫ్రీజ్ చేస్తానన్నాడు. మా ఇంట్లో ఇద్దరి ప్రకటనలూ ఒకేసారి వచ్చేవి. నాకు ఇద్దరూ ఒకే మాట చెప్తున్నట్టు ఉండేది. తేడా ఏంటి?

గోదారి_గట్టు
మంచి ప్రశ్న. స్పాన్‌బర్గర్ కూడా ఇంటి ఖర్చు, కరెంటు బిల్లు, వైద్యం ఖర్చు మీదే ప్రచారం చేసింది. ముగ్గురూ జనం జేబు గురించే మాట్లాడారు. తేడా ఎక్కడంటే, ఖర్చు ఎవరు భరించాలి అన్నప్పుడు. మమ్దానీ కోటీశ్వరుల మీద పన్ను అంటాడు. స్పాన్‌బర్గర్ రైట్ టు వర్క్ చట్టాన్ని (యూనియన్ ఫీజు కట్టమని ఉద్యోగుల్ని బలవంతపెట్టకూడదనేది) పూర్తిగా రద్దు చేసే బిల్లుపై సంతకం పెట్టనని ప్రచారంలోనే చెప్పింది, యూనియన్ల వాళ్లకి అది మింగుడుపడలేదు. సమస్య ఏంటో ఇద్దరూ ఒకటే చెప్పారు, ఎవరితో తలపడాలన్న దగ్గర తేడా వచ్చింది.

సుధ_రిచ్‌మండ్
అవును, మా గొడవ చివరికి ఆ రైట్ టు వర్క్ దగ్గరే ఆగింది. నేను అనుకున్నది వేరే. ఎన్నికైన వారంలోనే షట్‌డౌన్ (నిధులు మంజూరు కాక ఫెడరల్ ప్రభుత్వం ఆగిపోవడం) ముగింపు వచ్చింది కదా, మన వైపు ఎనిమిది మంది సెనెటర్లు రిపబ్లికన్లతో కలిసి ఓటేశారు. మా రాష్ట్రంలో ఫెడరల్ ఉద్యోగులు ఎంతమందో! 43 రోజులు. జీతాల్లేక మా వీధిలోనే అవస్థ పడ్డారు. మా సెనెటర్లలో టిమ్ కెయిన్ సరేనన్నారు, మార్క్ వార్నర్ వద్దన్నారు. ఇద్దరిలో మోడరేట్ ఎవరు చెప్పండి? వార్నర్‌నే అందరూ మోడరేట్ అంటారు!

ఓట్ల_లెక్క
సరిగ్గా పట్టుకున్నారు. ఆ ఎనిమిది మందిలో 2026లో ఎన్నికకి వెళ్లేవాళ్లు ఒక్కరూ లేరు. వార్నర్ వెళ్లాలి. ఓటు వెనక సిద్ధాంతం ఎంత, క్యాలెండర్ ఎంత అనేది ఆలోచించాలి. ఇన్సూరెన్స్ సబ్సిడీల కోసం మొదలైన పోరాటం, ఆ సబ్సిడీలు లేకుండానే ముగిసింది. దాని మీద కోపం రెండు వర్గాల్లోనూ ఉంది. ఈ మధ్య అసలు చీలిక పోరాడదామనేవాళ్లకీ సర్దుకుందామనేవాళ్లకీ మధ్య ఉంది, అది పాత గీత మీద లేదు.

కృష్ణాతీరం
ఇది ఒప్పుకుంటాను. నేను మోడరేట్‌నే, కానీ ఆ ఓటు నాకూ నచ్చలేదు. అన్ని రోజులు జనాన్ని ఇబ్బంది పెట్టి చివరికి ఉత్త చేతులతో రావడం ఏంటి?

క్వీన్స్_కుర్రోడు
బాబాయ్, మొదటిసారి మనిద్దరం ఒకవైపు.

పాతపుస్తకం
సుధ గారూ, ఆ లేచి వెళ్లిపోయిన అమ్మాయిలకి ఫోన్ చేశారా? ఈ చర్చంతటికంటే నాకు అదే ముఖ్యం.

సుధ_రిచ్‌మండ్
చేశాను. ఒకరు మళ్లీ వస్తానన్నారు. ఇంకొకరు "మీటింగు వద్దు ఆంటీ, తలుపులు తట్టే పనుంటే పిలవండి" అన్నారు.

డాలస్_లక్ష్మి
తెలివైన పిల్ల.

కొత్తగా_సిటిజన్
నాకు ఓటు వచ్చాక ఇవే మొదటి ప్రైమరీలు. ఏ పార్టీలోనూ రిజిస్టర్ కాలేదు. నాలాంటివాడు ప్రైమరీలో ఓటేయొచ్చా? మా తమ్ముడు ఫిలడెల్ఫియాలో, బావమరిది వర్జీనియాలో. అందరికీ ఒకటే పద్ధతా?

ఓట్ల_లెక్క
ఒకటి కాదు. న్యూజెర్సీలో ఏ పార్టీకీ చెందని ఓటరు ప్రైమరీ రోజు పోలింగ్ దగ్గరే పార్టీ ఎంచుకుని ఓటేయొచ్చు. పెన్సిల్వేనియా అలా కాదు, డెమొక్రాట్‌గా ముందే రిజిస్టరై ఉండాలి, తమ్ముడికి ఈ రోజే చెప్పండి. వర్జీనియా, టెక్సస్‌లలో పార్టీ రిజిస్ట్రేషనే లేదు, ఏ ప్రైమరీ బ్యాలెట్ కావాలో అడిగి తీసుకోవడమే. న్యూయార్క్‌లో పార్టీ మార్చుకోవాలంటే ఫిబ్రవరి 14 లోపే చేయాలి, తర్వాత చేస్తే ఆ ఏడు ప్రైమరీకి పనికిరాదు.

చిన్న విషయమనుకోవద్దు. 2018లో ఒకాసియో-కోర్టెజ్ హౌస్ డెమొక్రాట్లలో నాలుగో స్థానంలో ఉన్న జో క్రౌలీని ఓడించినప్పుడు ఆమెకి పడ్డవి 17 వేలలోపు ఓట్లు. ఆ జిల్లాలో లక్షలమంది ఉంటారు. ఏ వర్గం మనిషి నవంబర్ బ్యాలెట్ మీదికి రావాలో తేల్చేది ఆ కొద్దిమందే. పౌరసత్వం రానివాళ్లు జీతం తీసుకోకుండా వాలంటీరుగా పనిచేయొచ్చు. విరాళం మాత్రం గ్రీన్‌కార్డు ఉంటేనే ఇవ్వాలి, హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు ఇవ్వకూడదు.

కొత్తగా_సిటిజన్
తమ్ముడికి లింకు పంపించాను. వాడు మమ్దానీ అభిమాని, నేను షెరిల్‌కి ఓటేశాను. పండక్కి కలిసినప్పుడు మా ఇంట్లో కూడా ఈ చర్చ ఖాయం.

కృష్ణాతీరం
మీ తమ్ముడు ఫిలడెల్ఫియా అయితే మా పక్కనే. వచ్చే శనివారం తలుపులు తట్టడానికి మనుషులు కావాలి, నాకు ప్రైవేటు మెసేజ్ పెట్టమనండి. మమ్దానీ అభిమాని అయినా పర్లేదు.